ఖాళీ క్యాసెట్టు

దుర్గ్ జిల్లాలో భిలాయి ఉక్కు నగరానికి చేరువనున్న ఉతైలో ఒక తెలుగు కుటుంబం స్థిరపడి ఉన్నది. సోవియట్ సహకారంతో నిర్మించిన ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేసు 1959 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. ఆ తొలినాళ్ళలో శ్రీకాకుళం ప్రాంతం నుండి వచ్చిన ఒక కార్మికుని కుమారుడే ఈ గృహస్థు. తానూ అక్కడే ఉద్యోగం చేసి విశ్రాంతి పొందిన ఆయనకు పాత క్యాసెట్లు కొనడం ఒక వ్యసనం. సినిమా పాటల జోలికి పోరు. అంగడి అభిరుచిని లెక్కచేయని సంగీతం కోసమే వెతుకుతారు.

ఇటీవల ఆయన మూడు క్యాసెట్లు తెచ్చుకొన్నారు. మొదటిది ఇండియన్ ఓషన్ బృందం వారి ‘డెజర్ట్ రెయిన్’. 1997లో ఢిల్లీ మండీ హౌస్ వద్ద ఆరుబయట జరిగిన కచేరీకి ఇది ప్రత్యక్ష ముద్రణ. నాదం అక్కడక్కడ గరుకుగా ఉన్నా, ఆ గరుకుతనమే దానికి ప్రాణమని ఆయన అభిప్రాయం. అందులోని ‘బోల్ వీవిల్’ పాటకు మూలం, అమెరికాలో పత్తిపంటను హరించిన పురుగును గురించిన జానపద గేయం. 1890 దశకంలో మెక్సికో నుండి టెక్సాస్ చేరిన ఆ పురుగు దక్షిణాది కౌలు రైతులను దివాలా తీయించింది. కచేరీ జరిగిన ఏడాది చివరనే వరంగల్లు జిల్లాలో పురుగు పత్తిని తినివేయగా, అప్పులపాలైన రైతులు పురుగుమందు త్రాగి మరణించారు. ఆ పాట వచ్చినప్పుడల్లా ఆయనకు వరంగల్లే గుర్తుకు వస్తుంది.

రెండవది అదే బృందం 2000లో వెలువరించిన ‘కాండీసా’. శీర్షిక గీతానికి ఆధారం కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రాచీన ప్రార్థన. ‘మా రేవా’ నర్మదను కీర్తించే జానపదం. అర్థం తెలియని ప్రార్థన సైతం ఆయనను కదిలించింది. అయితే మెరుగు ఎక్కువై, గాయకుని ఊపిరి వినబడకుండా పోయిందని ఆయన అసంతృప్తి.

మూడవది తీజన్ బాయి పాండవాని. భిలాయి పరిసరాలలోని గనియారిలో జన్మించిన ఆమె, స్త్రీలు కూర్చుండి పాడే వేదమతి పద్ధతిని కాదని, నిలుచుండి అభినయించే కాపాలిక శైలిని చేపట్టారు. ఆడది కథ చెప్పడమేమిటని స్వజనులే వెలివేశారు. అదే గళం 2019లో పద్మవిభూషణ్ అందుకొన్నది. స్వతంత్ర సంగీతమంటే గిటారు కాదు, ఎవరి అనుమతికీ ఆగని పాట అని ఆయన నమ్మకం. ఆమె తంబూరా భీముని గదగా మారే ఘట్టం వింటుంటే ఆయనకు తన తండ్రి జ్ఞాపకం వస్తారు. షిఫ్టు ముగించుకొని, దసరా రాత్రులలో భుజాన తంబూరాతో బొబ్బిలి యుద్ధం బుర్రకథ చెప్పినవారాయన. షేక్ నాజర్ వంటి ప్రసిద్ధుల కథాగానం రికార్డులలో నిలిచింది. ఆ కార్మికుని కథను మాత్రం ఎవరూ రికార్డు చేయలేదు.

“ఈ పాటలన్నీ ఫోనులోనే దొరుకుతాయి కదా, నాన్నా! ఎందుకీ డబ్బు దండుగ?” అన్నాడు కుమారుడు.

“అయితే మీ తాతయ్య బుర్రకథ వెతికిపెట్టరా” అన్నారాయన.

కుమారుడు మాటాడలేదు. రాజుల చరిత్రకు శాసనాలున్నాయి. కొలిమి ముందు చెమటోడ్చి, రాత్రి కథ చెప్పినవాని చరిత్రకు గొంతు తప్ప వేరే ఆధారం లేదు. అది ఆగిపోతే ఆ ఆధారమూ లేదు.

నాడు తండ్రి పక్కన గుమ్మెట వాయించి ‘తందాన తాన’ అన్న వంతగాడు ఎనభై దాటిన వయసులో భిలాయిలోనే ఖుర్సీపార్‌లో ఉన్నాడు. కథలో చాలా భాగం ఇంకా నోటికి వచ్చునట. ఆ మూడు క్యాసెట్లతోబాటు ఆయన ఒక ఖాళీ క్యాసెట్టు కూడా కొన్నారు. వచ్చే ఆదివారం తండ్రీకొడుకులు ఖుర్సీపార్ వెళ్ళనున్నారు. టేపు పాతది కనుక మొరాయించవచ్చునని, ఫోను నిండా ఛార్జి చేసి తెస్తానని కుమారుడే అన్నాడు.