పాత గనిలో కొత్త రాగి

కెనడాలోని సడ్‌బరీ పట్టణం నుంచి 144వ నంబరు హైవే మీద వాయవ్యానికి వెళ్తే దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో ఓనాపింగ్, దాని పక్కనే లెవాక్ అనే చిన్న ఊళ్లు వస్తాయి. రోడ్డుకు రెండు వైపులా నల్లబారిన రాతి గుట్టలు. వాటి మధ్య తెల్ల బెరడు బిర్చ్ చెట్లు, అక్కడక్కడా గని షాఫ్టుల మీది ఎత్తయిన టవర్లు. నూరేళ్లకు పైగా నికెల్, రాగి తవ్విన నేల ఇది. ఇక్కడి గనులు ఎన్నోసార్లు మూతపడ్డాయి, ఎన్నోసార్లు మళ్లీ తెరుచుకున్నాయి. ఒక చిన్న గనుల కంపెనీ ఎలా పెరుగుతుందో చూడాలంటే దీనికంటే మంచి చోటు నాకు తట్టలేదు.

నన్ను తీసుకెళ్లినాయన విశాఖలో జియాలజీ చదివి చాలా కాలం కిందటే ఇక్కడ స్థిరపడ్డ తెలుగువాడు. గని చూపిస్తారనుకుంటే ఊరి చివర ఒక పెద్ద రేకుల షెడ్డు ముందు కారు ఆపారు. "గని తర్వాత చూద్దురుగాని సార్. కంపెనీ భవిష్యత్తంతా ఇక్కడే ఉంటుంది" అన్నారు.

దాన్ని కోర్ షెడ్డు అంటారు. లోపల పొడవాటి బల్లలు, వాటి మీద వరసగా చెక్క పెట్టెలు. ఒక్కో పెట్టెలో మూడు అరలు, అరల నిండా రాతి కడ్డీలు. వజ్రపు పలుకులు పొదిగిన బోలు బిట్టుతో నేలను తొలుచుకుంటూ వెళ్తే మధ్యలో మిగిలే గుండ్రటి రాయే కోర్. మందం ఐదు సెంటీమీటర్ల లోపే. పెట్టెకు నాలుగున్నర మీటర్లు పడుతుంది. ప్రతి మూడు మీటర్లకూ ఒక చిన్న చెక్కముక్క పెట్టి, అది ఎంత లోతు నుంచి వచ్చిందో రాస్తారు. ఒక్క బోరు కిలోమీటరు దిగితే రెండు వందలకు పైగా పెట్టెలు నిండుతాయి.

ఆయన ఒక పెట్టె మీద నీళ్లు చల్లారు. అప్పటిదాకా బూడిద రంగులో కనిపించిన రాయి తడవగానే రంగులు తేలింది. చాలా మేర గులాబీ, బూడిద కలిసిన గ్రానైటు. ఒకచోట అది ఉన్నట్టుండి తెగిపోయి, జానెడు మేర నిగనిగలాడే పసుపు లోహపు ముద్ద కనిపించింది. ఆ తర్వాత మళ్లీ గ్రానైటే. "చేత్తో పట్టుకుని చూడండి" అన్నారు. పక్కనున్న గ్రానైటు ముక్క కన్నా చాలా బరువు. పసుపుది చాల్కోపైరైట్, రాగి ఖనిజం. దాని అంచున కంచు రంగులో ఉన్నది పైరోటైట్. అయస్కాంతం ముట్టిస్తే అంటుకుంది. నికెల్‌నిచ్చే పెంట్లాండైట్ ఈ పైరోటైట్‌లోనే కలగలిసి ఉంటుంది. కంటికి తేడా అంత తేలిగ్గా తెలియదు. ఎంత నికెల్, ఎంత రాగి, ఎంత ప్లాటినం అన్నది ప్రయోగశాల తేల్చాల్సిందే.

గ్రానైటు మధ్యలోకి ఆ పసుపు ముద్ద ఎలా వచ్చిందని అడిగాను. ఈ ప్రాంతపు వ్యాపారమంతా ఆ ప్రశ్న మీదే నడుస్తోంది. దాదాపు 185 కోట్ల సంవత్సరాల కిందట పది కిలోమీటర్లకు పైబడిన అంతరిక్ష శిల ఒకటి ఇక్కడ పడింది. భూమి పైపొర కరిగి సముద్రంలా నిలిచింది. ఆ ద్రవంలో గంధకంతో కలిసిన లోహాలు బరువుకు అడుక్కు దిగి, గిన్నెలాంటి ఆ బిలం అడుగున గుంటల్లో పేరుకున్నాయి. అవి నికెల్ ఎక్కువగా ఉన్న నిక్షేపాలు. తొలితరం కంపెనీలు తవ్వింది వాటినే. కానీ ఆ ముద్ద చల్లారేటప్పుడు చివరిదాకా గడ్డకట్టకుండా మిగిలిన ద్రవంలో రాగి, ప్లాటినం, పల్లేడియం ఎక్కువ. ఆ ద్రవం గిన్నె దాటి, కింద పగిలిన గ్రానైటులోని చీలికల్లోకి జారిపోయింది. కొన్నిచోట్ల వందల మీటర్ల దూరం వెళ్లింది. ఇక్కడివాళ్లు వీటిని ఫుట్‌వాల్ నిక్షేపాలంటారు. సన్నగా, మెలికలు తిరిగి, అతి దగ్గరగా వెళ్తే తప్ప దొరకనివి. పాత గని పక్కనే ఉండి కూడా దశాబ్దాల పాటు ఎవరి కంటా పడనివి.

దొరకనిదాన్ని వెతకడం ఎంత కష్టమో సడ్‌బరీ చరిత్రంతా చెబుతుంది. 1856లో సాల్టర్ అనే సర్వేయరు ఇక్కడ తన దిక్సూచి ముల్లు పక్కకు తిరగడం గమనించాడు. ప్రభుత్వ జియాలజిస్టు ముర్రే ఆ చోటికి వెళ్లి, రాతిలో రాగి, నికెల్ ఉన్నాయని నివేదిక ఇచ్చాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1883లో రైలు మార్గం కోసం రాయి పగలగొడుతుంటే తుప్పు రంగు కనబడ్డాక గానీ హడావుడి మొదలవలేదు. బ్యాటరీలకు నికెల్ కావాలని థామస్ ఎడిసన్ అంతటివాడు 1901లో ఇక్కడికి వచ్చాడు. అయస్కాంత ముల్లుతో వెతికి, ఫాల్కన్‌బ్రిడ్జ్ దగ్గర సరైన చోటే గుర్తించాడు. షాఫ్టు దించబోతే ఊబి ఇసుక అడ్డొచ్చింది. వదిలేసి వెళ్లిపోయాడు. 1928లో థేయర్ లిండ్స్లీ ఆ నేలనే కొని ఫాల్కన్‌బ్రిడ్జ్ నికెల్ కంపెనీ పెట్టాడు. తర్వాతి కాలంలో అది ప్రపంచంలోని పెద్ద నికెల్ కంపెనీల్లో ఒకటైంది. అనంతపురం రైతు అప్పుచేసి వేయించిన బోరులో దుమ్ము లేచి, పక్క చేలో పది గజాల అవతల నీళ్లు పడినట్టే ఇదీ.

లెవాక్ విషయానికి వస్తే, నన్ను ఇక్కడిదాకా లాక్కొచ్చిన కథ ఎఫ్ఎన్ఎక్స్ అనే కంపెనీది. ఇన్కో అనే మహా సంస్థలో అన్వేషణ విభాగాన్ని నడిపి రిటైరైన టెర్రీ మక్‌గిబ్బన్ దాన్ని నడిపించారు. ఇన్కో పక్కనపెట్టిన ఐదు ఆస్తులను 2002లో ఒప్పందం మీద తీసుకున్నారు. మెక్‌క్రీడీ వెస్ట్, లెవాక్, నార్మన్, విక్టోరియా, కర్క్‌వుడ్. వీటిలో పాత గనులు ఉన్నాయి, పాత సొరంగాలు ఉన్నాయి, దశాబ్దాల నాటి బోరు రికార్డులు ఉన్నాయి. పెద్ద కంపెనీ చూసి వదిలేసిన నేలలో చిన్న కంపెనీకి ఏం దొరుకుతుందని అప్పట్లో సందేహించినవాళ్లు తక్కువేమీ కాదు.

వీళ్లు సొంతంగా మిల్లు కట్టలేదు, స్మెల్టరు కట్టలేదు. తవ్విన ముడి ఖనిజాన్ని ఇన్కో మిల్లుకే అమ్మేలా ఒప్పందం చేసుకున్నారు. అందుబాటులో ఉన్న డబ్బును డ్రిల్లింగుకు మళ్లించారు. 2003లోనే మెక్‌క్రీడీ వెస్ట్‌లో ఉత్పత్తి మొదలైంది. ఆ రాబడి మళ్లీ డ్రిల్లింగుకు ఊతమిచ్చింది. 2005లో లెవాక్ పాత గని కింద, గ్రానైటులో, రాగి, నికెల్, ప్లాటినం కలిసిన గొప్ప ఫుట్‌వాల్ నిక్షేపం దొరికింది. తర్వాత దానికి కంపెనీ జియాలజిస్టు మారిసన్ పేరు పెట్టారు. దాన్ని చేరడానికి కొత్త షాఫ్టు దించుతూ కూర్చోకుండా, పక్కనున్న క్రెయిగ్ గని షాఫ్టును వాడుకునేలా దాని యజమానితో మాట్లాడుకున్నారు. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది ఈ పొదుపే. బంగళాలు, బోర్డులు, యంత్రాల మీద కాకుండా, తెలియనిదాన్ని తెలుసుకోవడం మీద ఖర్చుపెట్టిన కంపెనీ అది.

ఎఫ్ఎన్ఎక్స్ 2010లో క్వాడ్రా అనే మరో కంపెనీతో కలిసింది. ఆ ఉమ్మడి సంస్థను పోలండ్‌కు చెందిన కేజీహెచ్ఎం 2012లో దాదాపు 290 కోట్ల కెనడా డాలర్లకు కొన్నది. ఆ ధరలో అమెరికా, చిలీ ఆస్తులు కూడా ఉన్నాయి, అంతా సడ్‌బరీ విలువే కాదు. 2025లో మెక్‌క్రీడీ వెస్ట్, లెవాక్‌లతో సహా కొన్ని ఆస్తులు మళ్లీ మాగ్నా మైనింగ్ అనే చిన్న కంపెనీ చేతికి వచ్చాయి. అంటే ఆ నేలలో మళ్లీ బోర్లు, మళ్లీ పెట్టెలు.

షెడ్డులో రెండో గదిలోకి తీసుకెళ్లారు. అక్కడ నీళ్లు చిమ్ముతూ తిరిగే రంపం ఉంది. ఖనిజం ఉన్న కోర్‌ను నిలువునా రెండు బద్దలు చేస్తారు. ఒక బద్ద సంచిలో కట్టి ప్రయోగశాలకు, రెండోది పెట్టెలోనే భద్రం. రేపు ఎవరైనా అనుమానిస్తే చూపించడానికి సాక్ష్యం అదే. సంచులు కడుతున్న అమ్మాయి మధ్య మధ్యలో రెండు రకాల దొంగ నమూనాలు కలుపుతోంది. ఒకటి ఏ లోహమూ లేని ఉత్త రాయి, ఇంకొకటి లోహం ఎంతుందో ముందే తెలిసిన పొడి. ప్రయోగశాల వీటికి తప్పు సంఖ్య ఇస్తే ఆ విడత మొత్తాన్నీ అనుమానిస్తారు.

ఇంత జాగ్రత్త వెనక ఒక పెద్ద మోసం ఉంది. ఇండోనేషియా అడవుల్లో బ్రహ్మాండమైన బంగారం దొరికిందని బ్రీ-ఎక్స్ అనే కెనడా కంపెనీ చెప్పింది. 1997లో అసలు సంగతి బయటపడింది. పొడిచేసిన నమూనాల్లో బంగారం కలిపారు. షేర్లు కొన్న సామాన్యుల డబ్బు మట్టిలో కలిసింది. ఆ తర్వాత 2001లో కెనడా కొత్త నిబంధనలు తెచ్చింది. నిక్షేపం లెక్కలకు అర్హత ఉన్న నిపుణుడు పేరు పెట్టి, సంతకం చేసి బాధ్యత వహించాలి. దొరికినదాన్ని అంచనా స్థాయి, నిర్ధారిత స్థాయి అని మెట్లు మెట్లుగా విడదీసి చెప్పాలి. ఎక్కువ నమ్మకమున్న మెట్టుకు ఎక్కాలంటే దగ్గర దగ్గరగా మరిన్ని బోర్లు వేయాలి. కంపెనీ విలువ పెరిగేది ఈ మెట్ల మీదే, ప్రకటనల మీద కాదు.

"మరి బోరు తప్పిపోతే?" అన్నాను.

"తప్పినా పారేయమండి. బోరులోకి తీగ దించి విద్యుదయస్కాంత సర్వే చేస్తాం. నేల మీద పెద్ద తీగచుట్టలో కరెంటు పంపిస్తే, లోపల లోహం ఉన్నచోట బదులు పలుకుతుంది. బోరుకు వంద మీటర్ల పక్కగా వెళ్లిపోయినదాన్ని కూడా పట్టుకోవచ్చు. ఆ బోరులోంచే పక్కకు తిప్పి ఇంకో కొమ్మ దించుతాం. ఖాళీ బోరు కూడా ఏదో ఒకటి చెబుతుంది సార్, వినే ఓపిక ఉండాలి."

ఆ ఓపికకు డబ్బు కావాలి. అన్వేషణ కంపెనీకి అమ్ముకోవడానికి సరుకుండదు. షేర్లు అమ్మాలి. కెనడాలో అన్వేషణ ఖర్చు మీది పన్ను మినహాయింపును షేరు కొన్నవాళ్లకే బదలాయించే పద్ధతి ఉంది. చాలా బోర్లు ఆ డబ్బుతోనే పడతాయి. అయినా ధరలు పడిపోతే ఎవరూ ముందుకు రారు. ఇండోనేషియా చౌకగా, విపరీతంగా నికెల్ తీయడంతో ధర కుప్పకూలి, ఆస్ట్రేలియాలో బీహెచ్‌పీ అంతటి సంస్థ 2024లో తన నికెల్ గనులు ఆపేసింది. సడ్‌బరీవాళ్లను ఆదుకునేది పక్కనే ఉన్న రాగి, ప్లాటినం వర్గపు లోహాలు. కాబట్టే ఇప్పుడు వెతుకులాట నికెల్ గుంటలతో పాటు గ్రానైటులోని ఆ పసుపు చీలికల వైపు ఇంతగా మళ్లింది.

ఊరికి తిరిగి వస్తూ సడ్‌బరీ గుట్టల దగ్గర ఆగాం. ఒకప్పుడు ముడి ఖనిజాన్ని ఆరుబయట కట్టెల మీద కాల్చేవారు. ఆ గంధకపు పొగకు మైళ్ల కొద్దీ చెట్టు చచ్చి, మట్టి కొట్టుకుపోయి, బండలు నల్లబడ్డాయి. 1978 నుంచి సున్నపురాయి పొడి చల్లి, గడ్డి విత్తనాలు వేసి, ఇప్పటికి కోటికి పైగా మొక్కలు నాటారు. చాలావరకు పచ్చబడింది, నల్లబండలు ఇంకా ఉన్నాయి. బోరు వేసే ముందు ఆ నేల మీద హక్కున్న అనిషినాబె ఆదివాసులతో మాట్లాడటం ఇప్పుడు మర్యాద ఒక్కటే కాదు. సంప్రదించడం ప్రభుత్వానికి చట్టబద్ధమైన బాధ్యతేనని కెనడా సుప్రీంకోర్టు 2004లో హైదా కేసులో తేల్చింది. అన్వేషణ గురించి రాసేవాళ్లు ఈ మాట దాటేయకూడదని నా అభిప్రాయం. నేల నుంచి ఏం తీస్తామో తెలుసుకునే రోజే, నేలకు ఏం మిగులుస్తామో కూడా తేల్చుకోవాలి.

మన సంగతి చూస్తే, భారతదేశం నికెల్ కోసం దాదాపు పూర్తిగా దిగుమతుల మీదే బతుకుతోంది. రాగి కూడా చాలినంత లేదు. పల్నాడులో అగ్నిగుండాల పరిసరాల్లో, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మైలారంలో రాగి ఆనవాళ్లు, పాత తవ్వకాలు ఉన్నాయి. ఆ తవ్వకాల పక్కన, వాటి కింద ఏముందో అడగదగ్గ ప్రశ్నే. గనుల చట్టాన్ని 2023లో సవరించి రాగి, నికెల్ సహా 29 ఖనిజాలకు అన్వేషణ లైసెన్సు తెచ్చారు. వెతికే పని ఇప్పుడు ప్రైవేటు కంపెనీలకూ దక్కుతుంది. అదే ఏడాది డిసెంబరులో జాతీయ భూవిజ్ఞాన సమాచార నిధి మొదలైంది. ప్రభుత్వ సర్వేల పటాలు, రసాయన విశ్లేషణలు అందులో ఎవరైనా చూడొచ్చు.

ఒంటారియోలో అన్వేషణ కంపెనీలు తమ హక్కు నిలబెట్టుకోవడానికి పని నివేదికలను ప్రభుత్వానికి ఇస్తాయి. కొంతకాలానికి అవి అందరికీ తెరుచుకుంటాయి. ఒకరి ఖాళీ బోరు తర్వాతివాడికి పాఠమయ్యేది అలాగే. మనదగ్గర కొత్త లైసెన్సులు ఇచ్చే ప్రభుత్వాలు కోర్‌ను పారేయకుండా దాచడం, నివేదికలు బయటపెట్టడం తప్పనిసరి షరతుగా పెట్టాలి. మన విశ్వవిద్యాలయాల్లో జియాలజీ, జియోఫిజిక్స్ చదువుతున్న పిల్లలకు నా మాట ఒక్కటే. ఆ సమాచార నిధి తెరవండి, మీ జిల్లా పటం దించుకోండి, పాత తవ్వకాల చుట్టూ ఏ ప్రశ్నలు మిగిలాయో చూడండి.