వెనక సీటు బకిల్ ఎక్కడుంది?

కారులో దూరప్రయాణం అనగానే మనవాళ్ళు చేసే ఏర్పాట్లు చూస్తే ముచ్చటేస్తుంది. సర్వీసింగు, ఫుల్ ట్యాంకు, బంపరుకి కొత్త నిమ్మకాయలూ మిరపకాయలూ, సద్ది మూట, వాంతులొచ్చేవాళ్ళకి కవర్లు, పాటలు నింపిన పెన్‌డ్రైవు.. ఇంకా గట్టివాళ్ళయితే నున్నగా మెరిసే కొత్త సీటు కవర్లు! చివరి ఐటమ్ గుర్తు పెట్టుకోండి, దానితో పనుంది.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి చెక్‌లిస్టు రాసుకోవడం ఒక జబ్బు. ఈసారి ఇంటిల్లిపాదీ తిరుపతి ప్రయాణం అనుకోగానే నేనూ ఒకటి రాశాను. రాశాక చూస్తే తమాషాగా ఉంది. ఇరవై అంశాల్లో పద్దెనిమిది కారు గురించే. అందులో కూర్చునే మనుషుల గురించి రెండే, అవి కూడా తిండీ మందులూ!

ముందు మా దారి చెప్తాను. మాది కొల్లాపూర్. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా. పక్కనే సోమశిల, అక్కడ కృష్ణ. అవతలి ఒడ్డు కళ్ళ ముందే ఉంటుంది, కారుకి మాత్రం అందదు. సోమశిల - సిద్ధేశ్వరం మధ్య తీగల వంతెన కడతామని 2022లో కేంద్రం ప్రకటించింది. అది పూర్తయ్యేదాకా మాకు చుట్టు దారే గతి. పెబ్బేరు దగ్గర 44వ నంబరు హైవే ఎక్కి, బీచుపల్లి దగ్గర కృష్ణని, కర్నూలు దగ్గర తుంగభద్రని దాటి, నంద్యాల, కడప మీదుగా పోవాలి. నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. కారేమో సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న బండి. ఎక్కేది ఐదుగురం: నాయిన, అమ్మ, అవ్వ, చెల్లె, నేను.

కారు పనులు తేలిగ్గా తీసేయమని కాదు. టైర్లే తీసుకోండి. అరుగుదల అందరూ చూస్తారు, వయసు ఎవరూ చూడరు. టైరు పక్కగోడ మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గీతలు ఎంత లోతుగా ఉన్నా రబ్బరు ముసలిదైతే ముసలిదే. గాలి ఎంతుండాలో పంక్చర్ షాపాయన్ని అడగక్కర్లేదు. డ్రైవర్ డోరు తీస్తే పక్క స్తంభం మీద చిన్న స్టిక్కరు ఉంటుంది. ఇద్దరు కూర్చుంటే ఒక అంకె, నిండా మనుషులూ సామానూ ఉంటే ఇంకో అంకె. గాలి తక్కువైతే టైరు ఎక్కువ వంగుతుంది, వంగిన కొద్దీ వేడెక్కుతుంది. మన ఎండల్లో, హైవే స్పీడులో, ఐదుగురి బరువుతో అది ఎక్కడికి దారి తీస్తుందో చెప్పక్కర్లేదు. అందుకే పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. స్టెప్నీకి కూడా!

ఇంకోటి. డిక్కీ నిండితే కారు ముక్కు పైకి లేస్తుంది, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ళ కళ్ళలో కొడతాయి. చాలా కార్లలో స్టీరింగు దగ్గర 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది. అది తిప్పితే వెలుగు కిందికి దిగుతుంది.

సరే, ఇవన్నీ అయ్యాయి. ఇక మనుషులు. ఎవరెక్కడ కూర్చోవాలో చూద్దామని వెనక సీట్లో కూర్చుని బెల్టు లాగాను. బెల్టు వచ్చింది, పెట్టడానికి బకిల్ లేదు! వెతికితే, పాత ఓనరు వేయించిన సీటు కవరు కింద మూడు బకిళ్ళూ కొత్తగా, మెరుస్తూ, పాతిపెట్టినట్టు ఉన్నాయి. కవరుకి ఆ చోట బెజ్జమే లేదు. కారు తయారైనప్పటి నుంచీ వాటిని ఎవరూ వాడలేదన్నమాట. సీటు కవర్ల షాపుకి తీసుకెళ్ళి బెజ్జాలు కోయమంటే అక్కడి కుర్రాడు నన్ను వింతగా చూశాడు. "ఎవరూ అడగరన్నా" అన్నాడు. అదీ సంగతి.

ఇంటికొచ్చి చూపిస్తే అమ్మ నవ్వింది. "ఎనక కూసునేటోళ్లకు గూడ పలుపేందిరా? మేమేమన్న దుంకి ఉరుకుతమా?" అంది. అవ్వయితే "నన్ను కట్టెయ్యకు బిడ్డా, ఊపిరాడదు" అని ముందే దణ్ణం పెట్టింది.

నేను ఇంజనీరు బుద్ధి పోనిచ్చుకోక లెక్క చెప్పాను. గంటకి 80 కిలోమీటర్ల వేగంలో కారు దేన్నైనా గుద్ది ఆగిపోతే, బెల్టు లేని మనిషి ఆగడు, అదే 80లో ముందుకి పోతాడు. ఆ వేగం 25 మీటర్ల ఎత్తు నుంచి, అంటే ఎనిమిదంతస్తుల మేడ మీంచి పడితే వచ్చే వేగంతో సమానం. వెనక మనిషి వచ్చి పడేది ముందు సీటు మీద, అంటే ముందున్న మన మనిషి మీద. 2022 సెప్టెంబరు 4న ముంబయి దారిలో సైరస్ మిస్త్రీ ప్రయాణిస్తున్న కారు ప్రమాదం ఇలాంటిదే. బెల్టు పెట్టుకున్న ముందు ఇద్దరూ బతికారు, పెట్టుకోని వెనక ఇద్దరూ పోయారు.

అమ్మకి లెక్కా ఎక్కలేదు, మిస్త్రీ ఎవరో తెలీదు. నాయిన మాత్రం కాసేపు మాట్లాడలేదు.

మా నాయిన తరం వాళ్ళకి దూరప్రయాణానికి బండి సిద్ధం చేయడమంటే గుర్తొచ్చేది చైతన్యరథం. 1982లో పార్టీ పెట్టాక ఎన్టీఆర్ పాత షెవర్లే వ్యాన్ ఒకటి బాగుచేయించి, పైకెక్కడానికి నిచ్చెన, మైకులు, లైట్లు పెట్టించి, దాన్నే ఇల్లుగా చేసుకుని ఊరూరూ తిరిగారు. రాజకీయాలు పక్కన పెట్టండి, అది ఎంత పకడ్బందీగా తయారైన బండో చూడండి. నడిపింది ఆయన కొడుకు హరికృష్ణ. అప్పటి రోడ్ల మీద, 1983 జనవరి ఎన్నికల దాకా, వేల కిలోమీటర్లు. తెలుగునాట అంత పేరున్న డ్రైవరు ఇంకొకరు లేరేమో.

అదే హరికృష్ణ 2018 ఆగస్టు 29న పొద్దున్నే నెల్లూరు వైపు పెళ్ళికి వెళ్తూ, నల్లగొండ జిల్లా అన్నెపర్తి దగ్గర కారు ప్రమాదంలో పోయారు. నడుపుతున్నది ఆయనే. కారులోంచి బయటికి విసిరేయబడ్డారు. సీటు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. అంత అనుభవం ఉన్న చేతులకి కూడా ఆ పట్టీ చేసే పని చేతకాలేదు. నిజానికి అది చేతుల పని కాదు.

నాయిన అమ్మ వైపు తిరిగి ఒక్కటే మాటన్నాడు. "చైతన్యరథం నడిపినాయనే అట్ల పాయె. మనమెంత? కట్టుకో."

తర్వాత పని సులువైంది. ప్రయాణానికి వారం ముందు నుంచే ఊళ్ళో చిన్న చిన్న పనులకి పోయినప్పుడు కూడా బెల్టు పెట్టించాను, అలవాటు పడ్డారు. అవ్వకి పట్టీ మెడకి ఒరుసుకోకుండా భుజం మీదుగా, కింది పట్టీ పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద వచ్చేలా సర్దాం. చంక కిందనుంచి తీయొద్దని మాత్రం గట్టిగా చెప్పాను. మధ్య సీటుకి నడుం బెల్టే ఉంది కాబట్టి అక్కడ అవ్వని కాకుండా చెల్లెని కూర్చోబెట్టాం. ఇప్పుడు ఎవరైనా బెల్టు మర్చిపోతే గదిమేది అవ్వే!

వెనక బెల్టు లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని చట్టంలో ఉంది. బెల్టు పెట్టకుండా అలారం నోరు నొక్కేసే ఉత్తుత్తి క్లిప్పుల్ని 2023లో కేంద్రం ఆన్‌లైన్ అంగళ్ళలోంచి తీయించింది. అంటే కారు పోరుపెట్టి మరీ చెప్తుంటే, దాని నోరు మూయడానికి డబ్బులు పెట్టి కొన్నాం మనం. మన తెలివి అలాంటిది మరి!

మీరూ ఈసారి ఎటైనా బయల్దేరే ముందు పెట్రోలు బంకుకి పోకముందే ఒక పని చేయండి. వెళ్ళి మీ కారు వెనక సీట్లో, మీ అమ్మ కూర్చునే చోట కూర్చోండి. బెల్టు లాగండి. బకిల్ చేతికి దొరికిందా?