దోమతెరకు బండకొట్టుడు వద్దు

ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ బెజవాడ ఊళ్లోంచే పోతాయి. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకు నీళ్లొచ్చాయి, పంటలొచ్చాయి, దోమలకూ లోటు లేకుండా పోయింది. ఇక్కడ మంచం లేని ఇల్లున్నా ఉండొచ్చు గానీ తెర లేని ఇల్లు అరుదు.

ఒకప్పుడు నవారు మంచానికి నాలుగు కర్రలు కట్టి నూలు తెర దించేవారు. ఇప్పుడు కరెంటు పోయిన రాత్రి డాబా మీదికి పట్టుకెళ్లి వదిలితే చాలు, స్టీలు తీగతో తనే లేచి నిలబడుతుంది. కొండలెక్కేవాళ్ల టెంటులో లోపలి పొర కూడా దాదాపు ఈ సరుకే: సన్నజాలీ, అడుగున గుడ్డ, ఒక జిప్పు.

ఈ తెరల ప్రాణం తీసేది ఎక్కువగా మన శుభ్రతే. పరీక్షగా చూడండి. కాళ్లవైపు జాలీ కొన్నప్పటిలాగే ఉంటుంది. తలవైపు మాత్రం జానెడు మేర కొబ్బరినూనె జిడ్డు, దానికి అంటుకున్న నల్లటి దుమ్ము. ఆ జానెడు కోసం తెరంతా బండకేసి బాదడం ఏం న్యాయం? ముందు బోర్లించి దులపండి. మూలల్లోంచి వెంట్రుకలు, వేరుశనగ పొట్టు, చచ్చిన దోమలు రాలతాయి. తర్వాత తెరను విప్పి నిలబెట్టే, జిడ్డున్న చోట కుంకుడు రసంలో ముంచిన స్పాంజితో అద్దండి. బ్రష్షు వేస్తే పోగులు జరిగి కన్నాలు సాగుతాయి. దోమకు అంతకంటే ఏం కావాలి? వాషింగ్ మెషీన్ సంగతి చెప్పనక్కర్లేదు, జిప్పు పళ్లే జాలీని కొరికేస్తాయి. బ్లీచింగ్ వద్దు, పిండడమూ వద్దు. జిప్పు బిగుసుకుంటే దుమ్ము తుడిచి కొవ్వొత్తి రుద్దితే సరి.

ఆరబెట్టడం దగ్గరే అసలు తంటా. బెజవాడ ఎండకు నైలాను ఇట్టే పెళుసెక్కుతుంది, అందుకని నీడలోనే ఆరాలి. అలాగని ముసురు రోజుల్లో చెమ్మతో మడిచారో, బూజు చుక్కలు పడతాయి. అవి ఇక పోవు. తీగ దూర్చిన కుట్టు అన్నిటికంటే ఆఖరున ఆరుతుంది, అక్కడ తడి మిగిలితే తుప్పు మరక ఖాయం. టెంటు అడుగు గుడ్డకైతే నీళ్లు దిగకుండా వేసిన పూత ఉంటుంది. తేమలో మూటకట్టి ఉంచితే అది జిగురెక్కి, పొరలుగా ఊడి, కంపు కొడుతుంది.

1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని పట్టుకున్నాడు. ఆ తర్వాత దోమతెర విలువ ఎవరికీ వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. మన్యంలో ప్రభుత్వం పంచే తెరలకు డెల్టామెత్రిన్ లాంటి మందు పట్టించి ఉంటుంది. అలాంటివి సుమారు 20 ఉతుకుల దాకా పనిచేసేలా తయారు చేస్తారు. వారం వారం ఉతికితే ఆ లెక్క ఆరు నెలల్లోపే చెల్లిపోతుంది.

ఆ మందు మనకు పెద్దగా హాని చేయదు గానీ చేపలకు విషం. కైకలూరు వైపు చెరువులున్నవాళ్లు, కాలువ గట్టున ఉన్నవాళ్లు మందు తెరల్ని నీళ్లలో జాడించకండి. బకెట్లో ఉతికి, ఆ నీళ్లు కాలువకు దూరంగా మట్టిలో పారబోయండి.