మీటరు చెప్పిన సాక్ష్యం

మా ఫుప్పమ్మకు డెబ్బై ఏళ్లు దాటాయి. భర్త మిగిల్చి వెళ్ళిన రెండు గదుల ఇల్లు, ఆయన పేరున వచ్చే చిన్న పింఛను తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. అయినా తన మరిది ఊరినుండి నర్సింగు చదువుకోవడానికి వచ్చిన ఒక బీద అమ్మాయికి ఒక గదిని ఇచ్చి, అద్దె ప్రసక్తి లేకుండా సొంత మనవరాలివలె చూసుకుంటున్నది.

2025 రమజాన్ పండుగ వెళ్ళిన తొమ్మిది రోజులకు మేము భార్యాభర్తలం ఆమెను చూడడానికి వెళ్ళాము. ఎన్నడూ లేనిది, ఆమె మాటల్లో ఉత్సాహం లేదు. చెవులకు ఎప్పుడూ ఉండే బంగారు పోగులు కనబడలేదు. పదేపదే అడిగితే బియ్యం డబ్బా అడుగున దాచిన ఒక కాగితం తీసి మా చేతికిచ్చింది. అది కరెంటు బిల్లు. 432 యూనిట్లు! విద్యుత్ చార్జీయే 2,994 రూపాయలు. తక్కిన చార్జీలు కలిపితే మూడు వేలు దాటింది. పోగులు రుమాలులో మూటగట్టి సిద్ధంగా ఉంచుకున్నది.

తెలంగాణలో 2024 నుండి అమలవుతున్న గృహజ్యోతి పథకం క్రింద అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తుంది. ఆ హద్దు దాటితే మొత్తం యూనిట్లకూ చెల్లించవలసిందే. పైగా వాడకం 200 దాటగానే మొదటి యూనిటు నుండే ధర మారిపోతుంది. 200 వరకు యూనిటుకు 5 రూపాయల 10 పైసలు, ఆపై నూటికి 7 రూపాయల 70 పైసలు, ఆ తరువాత 9 రూపాయలు, 400 దాటితే 9 రూపాయల 50 పైసలు. అంతవరకు సున్నా బిల్లే చూసిన ఫుప్పమ్మ ఈ అంకెలు చూసి భయపడడంలో ఆశ్చర్యం లేదు.

ఇక్కడే మేము ఒక తప్పు చేశాము. దానిని దాచకుండా చెప్పుకోవడం కోసమే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఆ అమ్మాయి గదిలో పాత కూలరు ఒకటి తిరుగుతున్నది. ఎండలు ముదరగానే ఆమె తండ్రి తెచ్చిపెట్టి వెళ్ళాడు. మా చూపు నేరుగా దానిమీద పడింది. ఆమెను పిలిచి, "చూడమ్మా, ఫుప్పమ్మ మంచితనాన్ని నువ్వు కాస్త గుర్తుంచుకోవాలి. ఈ వయసులో ఆమెమీద ఇంత భారం పడితే ఎట్లా?" అన్నాము. గట్టిగా అనలేదు. కాని ఆ మాట గుచ్చుకోవడానికి గట్టిదనం అక్కరలేదు. అమ్మాయి తల వంచుకుని, "తప్పయింది మామూ" అని లోపలికి వెళ్ళి కూలరు ఆపివేసింది. ఫుప్పమ్మ మావంక చూసి ఏమీ అనలేదు.

రాత్రి నిద్ర పట్టలేదు. కాగితం, పెన్సిలు తీసుకుని లెక్క వేశాము. వెయ్యి వాట్ల పరికరం ఒక గంట పనిచేస్తే ఒక యూనిటు. ఆ కూలరు 150 వాట్లది. పగలూ రాత్రీ ఆపకుండా నెలంతా తిరిగినా 112 యూనిట్లకు మించదు. రాత్రి ఎనిమిది గంటలు తిరిగితే నెలకు 36 లేక 37. రెండు పంకాలు, నాలుగు ఎల్‌ఈడీ బల్బులు, చిన్న ఫ్రిజ్ అన్నీ కలిపినా 432 చేరే దారి లేదు. సహరీ వేళ అదనంగా వెలిగిన దీపాలను కలుపుకున్నా అంతే. ఈ లెక్కకు పట్టింది పావుగంట. ఆ పావుగంట అమ్మాయిని పిలవకముందే వెచ్చించి ఉండవలసింది.

ఫజర్ నమాజు కాగానే మీటరు దగ్గరికి వెళ్ళాము. ఈ మీటర్లలో తేదీ, సమయం, ఇతర అంకెలు ఒకదాని తరువాత ఒకటి కనబడుతుంటాయి. కిలోవాట్ అవర్ గుర్తుతో వచ్చే అంకెయే మనకు కావలసింది. అది 4540 చూపింది. ఏప్రిల్ 5న ఇచ్చిన బిల్లులో ప్రస్తుత రీడింగు 4818 అని ఉన్నది! మీటరు ముందుకే నడుస్తుంది. ఐదు రోజుల తరువాత అంతకన్న తక్కువ అంకె చూపడం అసంభవం. పాత బిల్లులు తీస్తే గత రీడింగు 4386 సరిగానే ఉన్నది. పెట్టె అద్దం పసుపుబారి మసకగా ఉండడంతో 4518లోని 5ను ఎవరో 8గా చదివారు. అసలు వాడకం 132 యూనిట్లే. ఒక్క అంకె తేడా ఒక ముసలి మనిషి చెవిపోగులదాకా వచ్చింది.

మేము ఆ ఆనందంలో లోపలికి వచ్చేసరికి అమ్మాయి బ్యాగు సర్దుకుని కూర్చున్నది. హాస్టలులో చేరతానని ఫుప్పమ్మతో చెబుతున్నది. హాస్టలు రుసుము కట్టలేకనే ఇక్కడికి వచ్చిన పిల్ల. మా నోట మాట రాలేదు. ఫుప్పమ్మ బ్యాగును తీసి మంచం క్రిందికి నెట్టి, "ముందు మీరు ఆఫీసుకు వెళ్ళి రండి బేటా" అన్నది.

కార్యాలయంలో మొదట, "కట్టేయండి, వచ్చే బిల్లులో సర్దుతాము" అన్నారు. మేము వాదించలేదు. మీటరు ఫోటో, ప్రస్తుత బిల్లు, అంతకుముందు మూడు బిల్లుల నకళ్ళు జతచేసి, 'రీడింగు సరిచూసి బిల్లు సవరించగలరు' అని అర్జీ వ్రాసి, నకలుమీద ముద్ర, తేదీ వేయించుకున్నాము. మూడవ రోజున సిబ్బంది వచ్చి మీటరు చూశారు. వారం తిరగకముందే సవరించిన సున్నా బిల్లు వచ్చింది. రీడింగు తీసిన కుర్రవాడిపై కూడా ఫిర్యాదు వ్రాయబోతే ఫుప్పమ్మ వారించింది: "ఎండలో ఎన్ని గడపలు ఎక్కి దిగుతాడో! తప్పు దిద్దుకుంటే చాలు."

ఇటువంటి చిక్కు మన పాఠకులలో ఎవరికైనా రావచ్చు. బిల్లులోని రీడింగును మీటరుతో స్వయంగా పోల్చి చూసుకోవాలి. 1912 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. స్థానిక కార్యాలయంలో న్యాయం జరగకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, దానిపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. 2003 విద్యుత్ చట్టంలోని 56వ సెక్షను ప్రకారం బకాయి పేరిట కరెంటు తీసివేయాలంటే పూర్తి పదిహేను రోజుల వ్రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. బిల్లుపై వివాదం ఉన్నప్పుడు, అడిగిన మొత్తమో, గత ఆరు నెలల సగటు చార్జీయో, ఏది తక్కువైతే అది అభ్యంతరం తెలుపుతూ చెల్లిస్తే సరఫరా ఆపరాదు. ఇంట్లో పెద్దవారుంటే ఈ సంగతులు వారికి తీరికగా చెప్పాలి. బిల్లును బియ్యం డబ్బాలో దాచుకునే అవసరం వారికి రాకూడదు.

సవరించిన బిల్లు తెచ్చి ఇచ్చిన సాయంత్రం ఫుప్పమ్మ దానిని కళ్ళకద్దుకుని, పోగులు తిరిగి చెవులకు పెట్టుకున్నది. తరువాత మావంక తిరిగి నెమ్మదిగా అడిగింది: "ఆఫీసువాళ్ళు తమ తప్పు ఒప్పుకుని కాగితం ఇచ్చారు. మరి ఈ పిల్లకు కాగితం ఎవరిస్తారు?"

అమ్మాయిని పిలిచి, "విచారించకుండా నిన్ను అనుమానించాము, తప్పు మాది, మమ్మల్ని మన్నించు" అని చెప్పుకున్నాము. ఆమె ఏమీ అనలేదు. కళ్ళు తుడుచుకుని మా ముందు చాయ్ పెట్టింది. ఆ రాత్రి ఆమె గదిలో కూలరు చప్పుడు వినబడలేదు. చివరికి ఫుప్పమ్మే లేచివెళ్ళి స్విచ్చి వేసి వచ్చింది.