వీణ మెట్లు, కిన్నెర మెట్లు

నా వీణకు 24 మెట్లు, అన్నీ మైనంలో కుదురుకున్నవే. మా పాలమూరు ఎండకు ఆ మైనం మెత్తబడి గాంధారం జారుతుంది; బొటనవేలితో నొక్కి సర్దుకుంటుంటాను.

దర్శనం మొగులయ్య కిన్నెరకు 12 మెట్లే. వెదురుబొంగు, సొరకాయ బుర్రలు, తేనెమైనం. లింగాల మండలం అవుసలికుంట మనిషి. 2022లో పద్మశ్రీ వచ్చింది. (మనకు అప్పుడు గానీ తెలియలేదు!) ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పెట్టిన పండుగ సాయన్న కథ ఆయన ఎత్తుకుంటే గొంతూ తంతీ ఒకదాన్నొకటి తరుముకుంటాయి.

నేనేమో ఇన్నేళ్లూ త్యాగయ్యనే వాయించాను. మా గడ్డ మీది సాయన్న కథ ఒక్క ముక్కయినా నా చేతికి రాదు. మొన్న తలుపులేసుకుని ప్రయత్నించాను. మూడో మెట్టు దగ్గరే ఆగిపోయి, నెపం మైనం మీద పెట్టేశాను.