సెల్ఫ్ కొట్టుడు ఆపి, ముందు గాలి తీయుండి

వానలు పడంగనే దేవరకొండ, అచ్చంపేట దిక్కు ట్రాక్టర్ షెడ్ల కాడ ఒకటే ముచ్చట: "డీజిల్ పంపు బాగు చేయించినం, బండి స్టార్ట్ అయితలేదు." ఇగ మెకానిక్‌ను తిట్టుడు షురూ. చానసార్లు తప్పు పంపుది కాదు, పైపుల్ల చిక్కిన గాలిది.

డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్గు ఉండదు. సిలిండర్ల ఒత్తుకపోయి కాగిన గాలి వేడికే, నాజిల్ చిమ్మిన డీజిల్ అంటుకుంటది. ట్రాక్టర్ నాజిల్ తెరుసుకోవాలంటే 200 బార్ అటూఇటూ ఒత్తిడి కావాలె. లైన్ల గాలుంటే పంపు కొట్టే దెబ్బంతా ఆ గాలిని నలుపుడుకే అయిపోతది.

అందుకే ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి చేతిపంపు కొట్టుండి. నురుగు పోయి డీజిల్ తేటగ కారినంక బిగించాలె. తర్వాత పంపు మీది స్క్రూ. ఆఖరికి నాజిల్ పైపుల నట్లు వదులు చేసి సెల్ఫ్ కొట్టాలె. చిమ్మే డీజిల్‌కు చెయ్యి మాత్రం అడ్డం పెట్టకుర్రి, తోలు చీల్చుకొని లోపలికి పోతది.

నట్లు బిగించినంక గూడ లేవకపోతే పొగ చూడుండి. పొగే లేదంటే డీజిల్ అందుతలేదు. స్టాప్ వైరు గుంజి ఉందేమో చూసుకోవాలె (నవ్వకుర్రి, గట్ల గూడ అయితది). తెల్లపొగ వస్తే డీజిల్ పోతుంది గని మండుతలేదు. పంపు ఎక్కించేటప్పుడు టైమింగ్ మార్కు తప్పిందేమో, గప్పుడు మిస్త్రీని పిలువుండి.