తివాచీ తీసిన గది

అమ్మ గదిలో తివాచీ తీసేయమని డాక్టరుగారు చెప్పారు. ఉన్నిలో పేరుకున్న దుమ్ము ఆవిడ ఉబ్బసానికి పడదట. చెప్పినవారికేం, చెప్పారు! అది ఏలూరు తివాచీ. తాతగారు కొన్నది. పారశీక దేశం నుంచి వచ్చిన నేతగాళ్ళు ఏలూరుకు తెచ్చిన విద్య అంటారు. ముడి తరువాత ముడి చేత్తో వేసి నేసినది. 1986 ఆగస్టులో గోదావరి పొంగి కోనసీమలోని మా ఇంట్లోకి నీళ్ళు వచ్చినప్పుడు, నాన్నగారు బియ్యం బస్తాలకంటె ముందు దీన్ని అటకెక్కించారు. ఆ సంగతి అమ్మ ఇప్పటికీ ఆయన్ను తప్పుపడుతూనే చెబుతుంది. ముఖంలో మాత్రం కోపముండదు.

ఎలాగూ పెంకులు దించి స్లాబు వేయిస్తూ ఇల్లు బాగుచేయిస్తున్నాం. మరి అమ్మ గదిలో నేలకేం వేయాలి? టైల్సు వేయిద్దామంది మా శ్రీమతి. కిందటేడు వానాకాలంలో హాల్లోని టైల్సు మీదనే జారిపడి అమ్మ నెల్లాళ్ళు మంచం దిగలేదు. అందుకని చెక్క పరిపిద్దామని నేను రాజమండ్రి వెళ్ళాను. దుకాణంలో చక్కని టేకు పలక చూపించారు. బయానా ఇవ్వబోతూ ఎందుకో అంచు చూశాను. లోపల కొయ్యపొట్టు అదిమి చేసిన అట్ట; పైన టేకు ఈనెలు అచ్చువేసిన కాగితం! క్లాసులో తత్సమమేదో తద్భవమేదో విడదీసి చెప్పే నేను, టేకునూ టేకు ఫోటోనూ పోల్చుకోలేకపోయాను.

ఇంటికొచ్చి చెబితే మా వడ్రంగి మేస్త్రి నవ్వాడు.

"ఆయ్, మన చెమ్మకి అది ఆగదండి. నీరు తాగి బూరెలా ఉబ్బుద్ది. అటక ఎలాగూ విప్పేత్తన్నారు గదండీ, ఆ చెక్కలేం పాపం చేశాయండీ?"

నిజమే. అటక చెక్కలు పాతకాలపు టేకువి. ఆ రోజుల్లో ఎగువ అడవుల కలపను తెప్పలు కట్టి గోదావరి మీద రాజమండ్రికి దించేవారు. చేవదేరిన టేకులోని నూనె చెదపురుగుకు గిట్టదు. అంచున ఉండే తెల్లచెక్కకు ఆ రక్షణ లేదు. మేస్త్రి ఆ తెల్లచెక్కంతా చెక్కేసి, చిత్రికపట్టి, గచ్చు మీద ప్లాస్టిక్ పట్టా వేసి, దానిమీద బద్దీలు పరిచి చెక్కలు బిగించాడు. గోడల పక్కన మాత్రం అరంగుళం ఖాళీ వదిలాడు. కొలత తప్పాడనుకొని అడిగాను.

"వానాకాలం చెక్క అడ్డంగా సాగుద్దండి. చోటివ్వకపోతే మధ్యలో లేచిపోద్ది" అన్నాడు.

పని పూర్తయిన సాయంకాలం అమ్మ గోడ పట్టుకొని గదిలో అడుగుపెట్టింది. నాలుగడుగులు వేశాక గోడ వదిలేసింది. ఆ చివరిదాకా నడిచి, వెనక్కి వచ్చి, వరండాలో చుట్టచుట్టి పెట్టిన తివాచీ మీద చెయ్యి వేసింది.

"ఒరేయ్, దీన్నెక్కడ పెడతావురా?" అంది.

అలవాటు కొద్దీ తలెత్తి అటక కేసి చూశాను. అటక లేదు.